రథం మీది హంసగుర్తు

శోణగిరి రాజ్యంలో ప్రతి అమావాస్యకూ ఏదో ఒక ఇంట ఏడుపు లేచేది. అడవిలోని ఘంటోదరి అనే రాక్షసికి ఆ రోజున ఒక మనిషిని పంపాలి. ఇరవై ఏళ్ల కిందట యువరాజు ధవళసేనుడు దాన్ని చంపబోయి, నలభైమంది సైనికులతో, రథాలతో సహా దాని వాత పడ్డాడనీ, అప్పటినుంచే ఈ కప్పమనీ అతని తమ్ముడు ఉగ్రబాహు మహారాజు చెప్పేవాడు.

ఒక ఏడు దసరా ఊరేగింపు కోసం ఆయుధశాలలోని పాత యుద్ధరథాలను బాగుచేసే పని రంగులు వేసే సింగోజుకు వచ్చింది. పద్దెనిమిదేళ్ల కూతురు కురంగి అతనికి కుడిచెయ్యి. ఇద్దరూ పెచ్చులు లేచిన ఎర్రరంగును కత్తులతో గోకారు. ఎరుపు కింద నలుపు. నలుపు కింద, మొట్టమొదట వేసిన నీలిరంగులో, ఒక తెల్లని హంస. దాని కింద ఏడు చుక్కలు.

"ఇది ధవళసేన యువరాజుగారి గుర్తమ్మా! రాక్షసి వాత పడిన రథాలు ఇక్కడికెలా వచ్చాయి?" అన్నాడు సింగోజు.

కల్లాకపటం తెలియని మనిషి. వెళ్లి ఆ మాటే రాజుతో అన్నాడు. ఉగ్రబాహు నవ్వాడు. "ఎంత చక్కని చూపయ్యా నీది!" అని అక్కడికక్కడే అతని రెండు కళ్లూ పీకించాడు. "కూతురూ చూసిందిగా? ఈ అమావాస్యకు దాన్నే పంపండి."

భటులు కురంగిని అడవిలో వదిలిపోయారు. గోకుడు కత్తి ఆమె బొడ్లోనే ఉంది. కొంతదూరంలో, మెడదాకా పుట్టలో కూరుకుపోయిన ఒక ముని కనిపించాడు. కురంగి వాగునీళ్లు తెచ్చి ఆయన నోట్లో పోసింది.

"నీ రాజు నిద్రపోతున్న అన్నను, అతని సైనికులను రాక్షసికి అప్పగించి, రథాలు తోలుకుపోయాడు తల్లీ," అన్నాడు ముని. "దాని మాయకు వాళ్లంతా మద్దిచెట్లై నిలబడ్డారు. బెరడు గోకి, వాళ్ల హంసగుర్తును ఏడు చుక్కలతో సహా నీ నెత్తురుతో గీస్తే మనుషులవుతారు. గుర్తు గీసేవాళ్లను ముట్టే శక్తి రాక్షసికి లేదు; ఒక్కొక్కడు లేచేకొద్దీ అది చిక్కిపోతుంది. కానీ ఒక్క చుక్క తప్పినా ఆ చెట్టులోని ప్రాణం పోతుంది, జాగ్రత్త!"

మద్దితోపుకు ఒక పులి కాపలా ఉంది. "ఊరికే దారివ్వను. ఒక వేలు నాది," అంది. కురంగి కళ్లు మూసుకుని ఎడమచెయ్యి చాచింది. పులి చిటికెనవేలు కొరికి పక్కకు తప్పుకుంది. ఆ గాయపు నెత్తురే ఆమెకు రంగయింది.

మొదటి చెట్టులోంచి ఒక సైనికుడు దగ్గుతూ బయటపడ్డాడు. తర్వాత ఇంకొకడు. మూడో చెట్టు దగ్గర ఘంటోదరి తాటిచెట్టంత ఎత్తున వచ్చి, వంగి, చెవిలో గుసగుసలాడింది. "మీ నాన్నకు కళ్లు తెప్పిస్తాను. ఆపెయ్యి పిల్లా!"

కురంగి చటుక్కున తల తిప్పింది. ఆరు చుక్కలే పడ్డాయి. చెట్టు నిలువునా చీలింది. "అమ్మా!" అన్న కేక లేచి, సగంలో ఆగిపోయింది.

"చంపింది నేను కాదే, నువ్వు!" అని రాక్షసి పగలబడి నవ్వింది.

"అవును, నేనే," అంది కురంగి వెక్కుతూ. కన్నీళ్లు తుడుచుకుని నాలుగో చెట్టు దగ్గరికి నడిచింది. ఆ తర్వాత ఒక్క చుక్కా తప్పలేదు. కడపటి చెట్టులోంచి ధవళసేనుడు, పోయిననాటి వయసుతోనే, బయటికి వచ్చేసరికి ఘంటోదరి పిల్లిపిల్లంతై పొదల్లోకి పారిపోయింది.

సైన్యం కోటలో అడుగుపెట్టగానే ఉగ్రబాహు అన్న కాళ్ల మీద పడ్డాడు. ధవళసేనుడు అతన్ని చంపలేదు. కాళ్లూ చేతులూ కట్టించి ఆ పొదల్లోనే పడేయించాడు. పిల్లిపిల్లంత రాక్షసికి ఒక మనిషిని తినడానికి చాలా రోజులు పట్టిందట.

ధవళసేనుడు కురంగిని పెళ్లాడతానన్నాడు. "ముందు నేనొక గడప తొక్కాలి," అందామె. చీలిన చెట్టులోని సైనికుడి పేరు మాచన. అతని ముసలితల్లి ముందు నిలబడి, జరిగింది దాచకుండా చెప్పింది.

అవ్వ లేచి ఆమె చెంప ఛెళ్లుమనిపించింది. మళ్లీ కూలబడి, "పోయేటప్పుడు ఏమన్నాడు?" అని అడిగింది.

"అమ్మా అన్నాడు."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కురంగి చెయ్యి లాక్కుని, తెగిన వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టింది.

పెళ్లినాడు కురంగి ధవళసేన మహారాజు పక్కన పీటల మీద కూర్చుంది. చూపులేని సింగోజు, ఊరు ఊరంతా చేతుల్లో అక్షింతలు పట్టుకుని ఆగారు. అవ్వ వచ్చి వేసిన తర్వాతే వాళ్లు వేశారు.