ప్రతి మంగళవారం ఒక జబ్బు

చీజ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి కొలెస్ట్రాల్ గురించి పాఠాలు చెప్పించడమంత తెలివైన పని ఇంకోటి ఉండదు. విస్కాన్సిన్‌లో ఆ ఘనత మా కంపెనీకే దక్కింది. దానికి వెల్‌నెస్ ప్రోగ్రాం అని పేరు పెట్టారు. మా ఆస్పత్రి బిల్లులు కంపెనీయే కడుతుంది కనక, మేం ఆరోగ్యంగా ఉంటే దానికి లాభం. ఎంత ప్రేమో చూడండి.

అందరికీ అడుగులు లెక్కపెట్టే వాచీలు పంచారు. నేను నాది పాలు కలిపే యంత్రం తెడ్డుకి కట్టేశాను. అది రోజంతా తొట్టిలో అటూ ఇటూ తిరిగేది, నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఇద్దరం సుఖంగా ఉన్నాం.

ఒకరోజు వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఓర్లిన్ అంటే మీరేనా? పొద్దుట్నించీ ఆగకుండా నడుస్తున్నారట. కాళ్ళు నొప్పెట్టట్లేదూ?"

తిరిగి చూశాను. ఫ్యాక్టరీలో జుట్టు రాలకుండా అందరూ పెట్టుకునే, లోకంలో ఎవరికీ నప్పని ఆ వలటోపీ ఆ అమ్మాయికి నప్పింది. అక్కడే నా పని అయిపోయింది.

"అలవాటైపోయిందండీ," అన్నాను.

"మీకా, తెడ్డుకా?"

ఆమె పేరు మారెన్. మంగళవారాలు ఫ్యాక్టరీ క్లినిక్‌లో కూర్చుని ఆరోగ్య సలహాలు చెప్పేది. వాచీ అందరికీ ఇచ్చినా, ఆమె దగ్గరికెళ్ళాలంటే ప్రోగ్రాంలో పేరు రాయించుకోవాలి. ఆ మధ్యాహ్నమే రాయించుకున్నాను. అదేం చిత్రమో గాని, అప్పట్నించీ మంగళవారం వచ్చేసరికి నాకేదో ఒక జబ్బు.

"పోయినవారం కుడి మోకాలన్నారు. ఇవాళ ఎడమది పట్టుకున్నారేంటి?"

"అటు మారిందండీ. దానికి మాత్రం విసుగుండదూ?"

ఆమె నవ్వు దాచుకుని నర్సు దగ్గరికి పంపేది. నర్సు డాక్టర్ దగ్గరికి, డాక్టర్ ఎక్స్‌రేకి. నా ఎముకలు భేషుగ్గా ఉన్నాయని అందరూ ఒప్పుకున్నారు. ఒకసారి ధైర్యం చేసి, బయట ఎక్కడైనా కలుద్దామా అని అడిగాను. "కుదరదు," అంది మారెన్. ఎందుకో చెప్పలేదు.

ఏడాది తిరిగింది. మేనేజర్ డీట్రిచ్ అందర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు.

"ఆరోగ్యం పెరిగితే ఖర్చు తగ్గాలి. మనకి ఖర్చే పెరిగింది. ప్రోగ్రాంలో చేరినవాళ్ళే డాక్టర్ల చుట్టూ ఎక్కువ తిరిగారు. దీన్ని మూసేయడం మంచిది."

మారెన్ లేచింది.

"మొదట్లో పెరుగుతుంది సర్. లవాన్‌గారు ఎన్నో ఏళ్ళకి ఇప్పుడు డాక్టర్‌కి చూపించుకున్నారు. షుగర్ బయటపడింది. మందుల ఖర్చు కనిపిస్తుంది, తప్పిన ఆపద కనిపించదు."

"ఈ పిల్ల పుణ్యమా అని నా కాళ్ళు నాకున్నాయి," అంది ప్యాకింగులో పనిచేసే లవాన్.

"సరే, ఆవిడ సంగతి ఒప్పుకున్నా. మరి వారం వారం వచ్చి, ఉన్న పరీక్షలన్నీ చేయించుకుని, ఏ జబ్బూ లేదనిపించుకున్న ఆ పెద్దమనిషెవరు? లెక్కల్లో పేరు లేదు. ఆ దండగకి జవాబేంటి?"

మారెన్ తల వంచుకుంది. పేరు చెబితే నేను నవ్వులపాలు, చెప్పకపోతే తన ఉద్యోగం పోతుంది. అయినా చెప్పలేదు, పిచ్చిపిల్ల. ఇక నేను లేచాను.

"నేనే సర్. నాకే రోగమూ లేదు. ఈమెని చూడ్డానికి వెళ్ళాను. ఆ దండగ నాది, ప్రోగ్రాంది కాదు."

గదంతా గొల్లున నవ్వింది. డీట్రిచ్ మాత్రం నవ్వలేదు.

"వీడి పేరు కొట్టేయండి. వీడి ఖర్చు పక్కన పెట్టి ఇంకో ఏడాది చూద్దాం. ఏమయ్యా, మళ్ళీ క్లినిక్ గుమ్మం తొక్కావంటే, ఈసారి నిజంగానే డాక్టర్ అవసరం పడుతుంది నీకు."

మారెన్ ఉద్యోగం నిలిచింది. నాకు మాత్రం ఆమెని చూసే దారి మూసుకుపోయింది. బయట వాన పడుతోంది. కారు పక్కన తడుస్తూ నిలబడ్డాను. గుండెలో నిజంగానే నొప్పిగా ఉంది, చూపించుకోవడానికి ఇక చోటు లేదు.

మారెన్ గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"బుద్ధుందా నీకు?" అంది. మొదటిసారి మీరు పోయి నువ్వు వచ్చింది.

"లేదని ఇప్పుడు ఊరంతటికీ తెలిసిందిగా."

"అందుక్కాదు. ప్రోగ్రాంలో ఉన్నవాళ్ళతో బయటికెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది. అందుకే కుదరదన్నాను. నువ్వసలు చేరకుండా ఉంటే మొదటి వారమే వచ్చేదాన్ని."

ఒంట్లో ఉన్న కీళ్ళన్నిటికీ ఎక్స్‌రే తీయించుకున్న ఏడాది నా కళ్ళముందు తిరిగింది.

"ఇవాళ శుక్రవారం," అన్నాను. "ఊరంతా చేపల వేపుడు తినే రోజు. వెళ్దామా? నూనె కాస్త ఎక్కువే వేస్తారు."

మారెన్ కారెక్కి తలుపు వేసుకుంది.

"ఇప్పుడు నువ్వు నా ప్రోగ్రాంలో లేవుగా," అంది. "కడుపునిండా తిను."