ఎండిన బావి కావలివాడు

గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా కొండల్లో ఆ ఎండిన బావి దగ్గర పొద్దుగూకాక ఎవరూ నిలబడరు. జిన్నుల దండు మీద తిరగబడ్డ ఆడమనిషి ఒకతి అక్కడ కత్తి పట్టుకుని తిరుగుతుందని క్వారీ క్యాంపులో చెప్పుకునేవారు. ఎవరి కోసమో మాత్రం ఎవరికీ తెలియదు...

కరోనా సద్దుమణిగిన ఏడాది ఆ కొండకు పేలుడు మందు కూరారు. తెల్లవారగానే పేల్చాలి. అంతకుముందే చీకట్లో వెళ్లి, అక్కడ మనిషన్నవాడు లేడని చూసి, వాకీటాకీలో "ఖాళీ" అని చెప్పడం లింబాద్రి పని. ఆ ఒక్క మాట మీదే పేలుస్తారు. దేవుడి ముందు నిలబడి చెప్పినట్టే చెప్పేవాడతను.

టార్చి వేశాడు.

బావి గట్టున ఒకడు నిలబడి ఉన్నాడు — మోకాళ్ల దాకా రాయిలో కలిసిపోయి! పక్కనే ఆమె... చేతిలో కత్తి.

"ఎవల్లు మీరు? జరుగుండ్రి... కొండ పేలుతది!"

"పేలనీ" అందామె గుసగుసగా. ఏ భాషో తెలియదు, అర్థం మాత్రం అయింది. "ఈ నీళ్లు దోచుకురమ్మని మా జిన్నులు నన్ను పంపారు. ఇతన్ని చూశాక వాళ్ల మీదే కత్తి దూశాను. వెయ్యేళ్లయింది. నీళ్లు ఇంకిపోయినా ఇతనికి కావలి తప్పలేదు. ఈ రాయి పగిలితే నాతో వస్తాడు. ఎవరూ లేరని చెప్పన్నా..."

"రాయి పగిలినంక... ఈయన ఉంటడా?"

ఆమె చూపు కత్తి మీదికి దించింది.

లింబాద్రి అతని వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సామీ. పోతవా, ఉంటవా?"

"నాకు చావు లేదన్నారు. కావలి లేకపోతే నేనుంటానో లేదో... అది చెప్పలేదు." బావిలోంచి చూపు తీసి, అతను ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "అడిగింది ఈమె. కాదనలేను."

వాకీటాకీ గరగరలాడింది. క్వారీ మేనేజరు, ముదీర్ గొంతు — "లింబాద్రీ! యల్లా, యల్లా... జల్దీ! సో గయా క్యా?"

లింబాద్రి బటన్ నొక్కాడు.

"ఖాళీ" అన్నాడు.

పరుగున వచ్చి, దూరంగా ఆపి ఉన్న పికప్ ఎక్కాడు. డ్రైవర్ హబీబుల్లా నవ్వాడు. "ఏం భాయ్, జిన్ను పిల్ల చాయ్ తాగి పొమ్మందా?"

కొండ పేలింది. దుమ్ము ఆకాశానికి లేచింది. 'నరసింహస్వామీ, ఇద్దరినీ బయటపడెయ్యి' అని లింబాద్రి కళ్లు మూసుకుని మొక్కాడు.

బండి కదిలింది. కొంతదూరం పోయాక హబీబుల్లా అద్దంలోకి చూశాడు. మళ్లీ చూశాడు. ముఖంలో నవ్వు పోయింది.

"భాయ్... వెనక ఎవరో ఆడమనిషి... కూర్చుని ఏడుస్తోంది."

లింబాద్రి తల తిప్పలేదు.

"ఒక్కతేనా?"

హబీబుల్లా ఇంకోసారి అద్దంలోకి చూశాడు.

"ఒక్కతే."