రెండో గేరులో దిగాలి

ఆ షోరూములో అతన్ని అందరూ సర్వజ్ఞుడనేవాళ్ళు. కొండలూ గుట్టలూ ఎక్కే పెద్ద బళ్ళు అమ్మడం అతని పని. మూడేళ్ళలో నలభై బళ్ళు అమ్మాడు గాని, ఒక్కదాన్నీ తారు రోడ్డు దింపిన పాపాన పోలేదు. బ్రోచరు మాత్రం కంఠతా వచ్చు. బావి గట్టున నిలబడి ఈత పాఠాలు చెప్పే రకం.

ఒక ఉదయం పశువుల డాక్టరు ఒకామె వచ్చింది. బూట్లకు ఎండిన బురద, చేతిలో మందుల సంచి, వెనకే వాళ్ళ నాన్న. కొండమీది పశువుల కొట్టాలకు వారానికి నాలుగు రోజులు వెళ్ళాలట, పాత బండి మొరాయిస్తోందట. అతను ముందు బూట్లు చూశాడు, తర్వాత అప్పుడే తుడిచిన నేల చూశాడు, ఆ తర్వాత ఆమె కళ్ళు చూశాడు. అక్కడితో నేల సంగతి మరిచిపోయాడు.

ఇక నోటికి అడ్డూ ఆపూ లేదు. ఇది ఆటోమేటిక్ బండి అనీ, అన్నీ అదే ఆలోచించుకుంటుందనీ, స్టీరింగు పట్టుకుని కూర్చుంటే చాలనీ చెప్పుకుపోయాడు. పాపం పెద్దాయనకు అర్థం కాదేమోనని, గేరంటే ఏమిటో ఆయనకు చేతులు తిప్పి మరీ విడమరిచాడు. ఆయన బుద్ధిగా విని తలూపాడు.

గేరు రాడ్డు పక్కన ప్లస్సు, మైనస్సు గుర్తులున్నాయి. అవెందుకని ఆమె అడిగింది.

"మాన్యువల్ మోడ్ మేడం. కుర్రాళ్ళ సరదా కోసం పెట్టారు. మీరు ముట్టుకోనక్కర్లేదు."

కొండదారిలో నడిపి చూద్దామందామె. నేనే చూపిస్తానంటూ అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. కంకర ఎత్తులో బండి ఒక గేరు వేసుకుని, అది నచ్చక మరొకటి వేసుకుని, మళ్ళీ మొదటికొచ్చి ఆయాసపడింది. ఆలోచిస్తోందని అతను సర్దిచెప్పాడు. వినబడుతోందని ఆమె ఒప్పుకుంది.

దిగేటప్పుడు మొదలైంది అసలు కథ. బ్రేకు మీద వేసిన కాలు అతను తియ్యలేదు. రెండో మలుపుకు కాలిన వాసన వచ్చింది. మూడో మలుపుకు పెడల్ మెత్తబడి, తొక్కినకొద్దీ లోపలికి పోసాగింది. పక్కనే లోయ.

"బాబూ, బ్రేకులు కాలుతున్నాయి," అన్నాడు పెద్దాయన వెనక సీట్లోంచి, టీ చల్లారుతోందని చెప్పినంత నింపాదిగా.

ఆమె చెయ్యి చాచి రాడ్డును మాన్యువల్‌లోకి లాగింది. మైనస్సు వైపు ఒకసారి తట్టింది, క్షణం ఆగి మరోసారి తట్టింది. ఇంజను హోరెత్తింది. అది పగిలిపోతోందనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి. స్టీరింగు ఇంకా మీ చేతిలోనే ఉంది," అందామె.

ఎవరో వెనకనుంచి పట్టి ఆపినట్టు బండి నెమ్మదించింది. మిగిలిన దారంతా రెండో గేరులోనే దిగింది. కింద ఆగాక ఆమె చెప్పింది. వాలులో గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుందట, బ్రేకుల మీద బరువు పడదట. ఈ సంగతి ఆమెకు నేర్పింది నాన్నేనట. ఆయన ముప్పై ఏళ్ళు ఘాట్ రోడ్ల మీద లారీ నడిపారట.

గేరంటే ఏమిటో తను ఎవరికి పాఠం చెప్పాడో అప్పుడు తెలిసి, సర్వజ్ఞుడి ముఖం మాడిపోయింది.

"బండి బాగుంది," అందామె. "అమ్మేవాడి నోరే ఆటోమేటిక్."

ఆమె బండి కొన్నది, బ్రేకులు కాలని ఇంకొకటి.

అతనికి మాత్రం ఆ తర్వాత అన్నం సహించలేదు. ముట్టుకోనక్కర్లేదని నలభై మందికీ చెప్పాడు మరి. వాళ్ళలో పిల్లలున్నవాళ్ళున్నారు, కొండమీదే కాపురమున్నవాళ్ళున్నారు. ఆదివారం పొద్దున్నే పెద్దాయన ఇంటికెళ్ళి, నేర్పమని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేర్పుతాను బాబూ. ముందు ఆ రోజు చెప్పారే, గేరంటే ఏమిటో, అది ఇంకోసారి చెప్పండి," అన్నాడాయన. గుమ్మంలో డాక్టరు నవ్వు ఆపుకోలేక లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం తర్వాత ఆదివారం పాఠాలు సాగాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒకే గేరు పట్టి ఉంచడం, బురదలో చక్రాలు జారకుండా రెండో గేరుతో కదలడం, వాలు మొదలుకాకముందే గేరు తగ్గించడం. ఆ తర్వాత అతను తన దగ్గర బళ్ళు కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. తను చెప్పింది తప్పనీ, కొండ దగ్గరికొస్తే సరిగ్గా చూపిస్తాననీ చెప్పాడు. మేనేజరు మండిపడ్డాడు, బండిలో లోపముందనుకుంటారని.

"లోపం బండిలో లేదు సార్, నా మాటలో ఉంది," అన్నాడతను. మర్నాటినుంచి అతని కుర్చీ విడిభాగాల కౌంటరులోకి మారింది.

పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో ఒక రిటైరైన మాస్టారు అందరి ముందూ అతన్ని కడిగేశాడు. వాలు భయానికి ఆయన భార్య ఏడాదిగా బండెక్కడమే మానేసి, మోకాళ్ళ నొప్పులతో నడిచి దిగుతోందట. అతను తలవంచుకుని విన్నాడు, క్షమించమన్నాడు, సాయంత్రందాకా ఆయన పక్కనే కూర్చుని నేర్పాడు. డాక్టరు దూరంనుంచి అంతా చూసింది. పెద్దాయన దగ్గర అతని ఆదివారం పాఠాలు మాత్రం ఆగలేదు.

వానలు పడ్డాయి. ఒక ఆవు తన్నడంతో డాక్టరు కుడి మణికట్టుకు కట్టు పడింది. ఆ వారమే కొండమీద ఒక ఆవు ఈనలేక అవస్థపడుతోందని కబురొచ్చింది. వానలో తన కళ్ళకు దారి ఆనదని నాన్న అన్నాడు. దాంతో ఆమె అతన్ని పిలిచింది.

బురద దారిలో ఆమె బండిని అతను రెండో గేరులో, వాగుడు లేకుండా ఎక్కించాడు. కొట్టంలో ఆమె చెప్పినట్టల్లా దూడను బయటికి లాగాడు. చొక్కా పాడైంది గాని దూడ బతికింది. తిరుగుదారిలో, నిట్టవాలులో, పక్కకు చూస్తే ఆమె సీటుకు తల ఆనించి నిద్రపోతోంది. ఆ కొండ దిగుతున్నంతసేపూ అతను ఊపిరి కూడా నెమ్మదిగానే పీల్చాడు.

ఇంటి ముందు ఆపాక, ఒక అబద్ధం చెప్పానన్నాడు. ఆమె ముఖం బిగిసింది.

"నాకు డ్రైవింగు నెల కిందటే వచ్చేసింది. ఆదివారాలు కావాలనే గేరు తప్పుతున్నాను."

"నాన్నా, మీకు తెలుసా?" అని ఆమె వరండాలోకి కేకేసింది.

"తప్పడం మొదలెట్టిన రెండో వారమే కనిపెట్టాను," అన్నాడాయన. "నువ్వు ఇంట్లో ఉన్న రోజే తప్పేవాడు. నువ్వు డ్యూటీకి వెళ్ళిన రోజు నాకంటే బాగా నడిపేవాడు."

నలభై బళ్ళు అమ్మినవాడు స్టీరింగును గోటితో గీకుతూ కూర్చున్నాడు. ఆమె గడియారం చూసుకుంది.

"అడగదలుచుకుంటే అడగండి. నాలుగింటికి ఇంకో పశువును చూడాలి."

అడిగాడు. పెళ్ళి చేసుకుందామా అన్న ఆ రెండు ముక్కలు చెప్పడానికి మూడుసార్లు తడబడ్డాడు.

"ఊఁ," అందామె. "పదండి, స్టార్ట్ చెయ్యండి. మీ అమ్మగారితో దారిలో ఫోన్‌లో మాట్లాడతాను."