తడి కాలవ

“మీసాల బావా…”

మేస్త్రి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. పిలుపు వచ్చింది మూడో కొలిమిలోంచి — భగభగలాడుతున్న దాని కడుపులోంచి.

అలా పిలిచేవాడు లోకంలో ఒక్కడే. చెల్లెలి మొగుడు. వాడు అక్కడే చచ్చిపోయాడు.

అప్పట్నుంచీ ఆ కొలిమికి చెడ్డపేరు. చీకటి పడితే దాని ముందు ఒంటరిగా ఎవరూ నిలబడరట. పైనుంచి ఇనపరాయీ బొగ్గూ పోస్తారు, కిందనుంచి గాలి కొడతారు. రాయి కరిగి, దాని మడ్డి చిట్టెంగా పైకి తేలుతుంది, ఇనుము అడుక్కి దిగుతుంది. అడుగున మట్టితో మూసిన కన్నాన్ని గునపంతో పొడిస్తే… తెల్లారబోయే ఆకాశం ఒక్కసారి ఒలికినట్టు, ఎర్రగా, వయ్యారంగా కాలవలోకి జారుతుంది. కళ్ళు తిప్పుకోలేం. కానీ ఆ కాలవలో చెమ్మ ఉందా — ఇనుము పారదు. పేలుతుంది. అందుకే కొత్తగా మట్టి మెత్తిన కాలవని నిప్పులు పోసి ఆరబెట్టాకే కన్నం తెరుస్తారు.

అలా పేలిన రోజు చెల్లెలి మొగుడికి మొహం మిగల్లేదు. చేతి కడియం చూసి పోల్చుకున్నారు. తాగొచ్చి కాలవ ఆరబెట్టలేదన్నారంతా. తాగుబోతు పెళ్ళాం అన్న మాట పడలేక, చెల్లెలు అదే కొలిమి దగ్గర అదే గునపం పట్టింది.

“ఆయన చుక్క ముట్టడని నీకు తెలీదూ అన్నా? నలుగురిలో ఒక్క మాట చెప్పకూడదూ?” అనేది రోజూ.

మేస్త్రి మీసం సవరించుకుని పనిలోకి పోయేవాడు.

ఇప్పుడు కొలిమి అడుగు కరిగిన ఇనుముతో నిండిపోయింది. ఇంకాస్త ఆగితే గాలిగొట్టాలు కాలిపోతాయి.

“కాలవ ఇంకా చల్లగానే ఉందన్నా,” అంది చెల్లెలు, మట్టి మీద చెయ్యి ఆన్చి.

“నాకు పని నేర్పుతావుటే? పొడువు.”

“సరేలే. మీసాలు కాలాయని నన్ననకు.”

గునపం ఎత్తింది.

“బావా… తడి…”

గాలిగొట్టం ఈల వేసిందేమో… చెల్లెలికైతే ఏమీ వినపడలేదు. మేస్త్రి మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఆగవే…”

అప్పటికే గునపం దిగిపోయింది. మేస్త్రి ఒక్క దూకు దూకి, జుట్టు పట్టి ఆమెని అవతలకి విసిరేశాడు —

కాలవ పేలింది. పైకప్పు రేకులకి చిల్లులు పడ్డాయి. నిప్పు వడగళ్ళలా కురిసింది. మేస్త్రి చొక్కా ఏదో చర్మం ఏదో తెలీకుండా అంటుకుపోయింది. కుడిచెయ్యి మోచేతి కింద నల్లటి ఎముకే.

చెల్లెలు పాక్కుంటూ వచ్చి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. కూలీలంతా మూగారు.

“పొడవమన్నదీ నువ్వే, లాగేసిందీ నువ్వే… ఏమైందన్నా నీకు?”

“మీ ఆయన పిలిచాడే… ఆవేళ కూడా ఇలాగే అన్నాడు… బావా, తడి, అని…”

ఆమె వేళ్ళు అతని జుట్టులో బిగుసుకున్నాయి.

“వాడు తాగలేదే. ఆరలేదు, వద్దు అంటున్నా నేనే పొడిపించాను. తాగాడని పుట్టించిందీ నేనే.”