అతకని తీగ

"దొరసామి గుట్టు బయటపడింది." ఫోన్‌లో చీఫ్ జయరామ గొంతు పొడిగా ఉంది. "పన్నెండుకు తెల్ల కారు వస్తుంది. ఎక్కాడంటే తొప్పూరు కనుమలో శవమై తేలతాడు. కోడ్ వినిపించు."

ఏజెంట్ ప్రభు గడియారం చూసుకున్నాడు. పదకొండూ నలభై.

ఎనిమిది నెలలుగా ఒక విదేశీ ముఠాలో డ్రైవరుగా నటిస్తున్న దొరసామి, నల్లంపల్లి హైవేకి అవతల టీకొట్టు బెంచీ మీద ఉన్నాడు. సెల్‌ఫోన్ ముఠావాళ్లు లాక్కున్నారు. పక్కనే కూర్చున్న ఇద్దరు ముఠా మనుషులకీ ప్రభు మొహం బాగా తెలుసు. ఇక దిక్కల్లా ఇవతలి పెళ్లిమండపం మీది కోన్ స్పీకర్లే. అందుకే ప్రభు మూడు రోజులుగా మైక్‌సెట్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. మైకులో మారియాయి పేరు వినిపిస్తే దొరసామి పారిపోవాలి. అదీ ఒప్పందం.

తీరా చూస్తే యాంప్లిఫయర్ పిన్ను దగ్గర స్పీకర్ తీగను ఎవరో మొదలంటా కత్తిరించేశారు.

వేళ్లతో చుట్టి చూశాడు. గరగర తప్ప మాట రాలేదు. కిట్‌లోంచి గ్యాస్ సోల్డరింగ్ ఐరన్ తీశాడు. చూడ్డానికి పెన్నులా ఉండే ఆ పరికరమంటే డిపార్ట్‌మెంట్‌కు మహా గొప్ప. సీసం అతుక్కునేలా డబ్బీలోని ఫ్లక్స్ అనే మందు పూసి సోల్డర్ పెట్టాడు. అది కరిగి, పూసలా ముడుచుకుని, జారి లుంగీ మీద పడింది. ఆకురాయితో పిన్ను గీకి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"పన్నెండు నిమిషాలే ఉన్నాయి ప్రభూ. అవుతుందా?" అంది నందిత. పట్టుచీరలో మైకు ముందు నిలబడ్డ ఈ అందగత్తె, ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు చేరవేసే మనిషి.

ప్రభు మూడోసారి సోల్డర్ పెట్టాడు. దొరసామి భార్య ఉషా గుర్తొచ్చింది. "ఆయన్ని మీ చేతుల్లో పెట్టినాను అన్నా" అంది ఆ పిల్ల. ఏడుపొచ్చినంత పనైంది.

మండపం వెనక, విందు అండాలకు కళాయి పూస్తున్న గోపాలప్ప లేచి వచ్చాడు.

"ఏమి నాయనా, సీసం నిల్వకుండాదా?"

"నిల్వలేదు తాతా. ఇది అతక్కపోతే ఒక ప్రాణం పోతాది."

ముసలాయన డబ్బీ తీసి వాసన చూశాడు. "ఇది మందు కాదప్పా. ఆడోళ్లు మొగానికి పూసే క్రీము. మల్లెపూల వాసన కొడతావుండాది."

ప్రొద్దున కిట్ ముట్టుకున్నది నందిత ఒక్కతే. ప్రభు ఏమీ ఎరగనట్టు ఆమె వైపు చూడను కూడా చూడలేదు.

"నా దగ్గిర నవాసారం ఉండాది, రా," అన్నాడు గోపాలప్ప. ప్రభు పిన్నూ తీగ చివరా లాక్కొస్తే, ముసలాయన పిన్ను కొసను పటకారుతో నిప్పుల మీద పట్టాడు. కళాయికి వాడే ఆ తెల్ల పొడి చిటికెడు చల్లాడు. గుప్పుమని పొగ, ముక్కు పగిలే ఘాటు. తగరం రుద్దేసరికి పిన్ను కొస వెండిలా తెల్లబడింది. తీగకూ అలాగే చేసి రెండూ కలిపి నొక్కి, నోటితో ఊదాడు.

ప్రభు అతుకు లాగి చూశాడు. రాలేదు.

హైవే అవతల తెల్ల కారు ఆగింది.

ప్రభు పరిగెత్తుకొచ్చి పటకారుతోనే యాంప్లిఫయర్‌లో పిన్ను గుచ్చాడు. నందిత ఒక్క అంగలో వచ్చి దాన్ని పీకబోయింది. పిన్ను ఇంకా కాలుతోంది. కెవ్వుమని వదిలేసింది. ప్రభు మైకు అందుకున్నాడు.

"వత్తల్‌మలై మారియాయి ఎక్కడున్నా మండపానికి రావాలి" అని తమిళంలో చేసిన ప్రకటన హైవే అంతా మోగింది.

దొరసామి అప్పటికే కార్లో ఒక కాలు పెట్టాడు. ఆ కాలికున్న చెప్పు అందులోనే వదిలేసి, కదులుతున్న ధర్మపురి బస్సు ఎక్కేశాడు. అతను లేకుండానే పోయిన కారును కనుమలో పోలీసులు ఆపారు.

ప్రభు నేల మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, బొబ్బలెక్కిన వేళ్లు ఊదుకుంటున్న నందిత ముందు ఆ క్రీము డబ్బీ పెట్టాడు.

"రాసుకోండి. మీదే. పిన్నుకైతే పడలేదు."