అనతోల్ చెప్పిన ఎడమ దారి

పొగమంచులోంచి వ్యాను లైట్లు ఒక్కసారిగా కళ్ళలో కొట్టాయి. ఓడెట్ రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి తొక్కింది. వెనక వంటగదిలో గిన్నెలన్నీ దొర్లిపడ్డాయి. ఆమె నడుపుతున్నది మంచం, పొయ్యి, స్నానాలగదితో సహా రోడ్డెక్కిన ఇల్లు. అంత బండి ఆగాలంటే కాస్త సమయం పడుతుంది. చివరికి ఎదుటి వ్యానుకి జానెడు దూరంలో ఆగింది.

అక్టోబరు నెల. న్యూబ్రన్స్‌విక్ అడవి. రోడ్డు ఒక్క బండికే చాలేటంత ఉంది.

వ్యానులోంచి గళ్ళచొక్కా వేసుకున్న యువకుడు దిగాడు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది.

"ఇల్లు ఇక్కడే కట్టుకుంటారా, కాస్త ముందుకి పోనిస్తారా?" అన్నాడు.

"మీరు వెనక్కి తీస్తే పోనిస్తా. నాది ఇంత బండి, మీది అగ్గిపెట్టె."

"అగ్గిపెట్టైనా నేనే ముందొచ్చాను కదండీ. అసలు ఇంత బండిని ఈ దారిలోకి ఎవరు రమ్మన్నారు?"

"లాంతరు," అంది ఓడెట్, ఫోను చూపిస్తూ.

దారి చూపే యాప్‌ని ఎంచుకోవడం పెళ్ళికొడుకుని ఎంచుకోవడం కంటే కష్టమని ఆమె ఈమధ్యే కనిపెట్టింది. మొదట పెట్టుకున్నది కార్లవాళ్ళ యాప్. బండి ఎత్తుతో దానికి పనిలేదు. మొన్న ఆమెని తీసుకెళ్ళి, పైకప్పున్న పాత చెక్కవంతెన ముందు నిలబెట్టింది. ఇంకో నాలుగడుగులు వేసుంటే బండి నెత్తిమీద ఏసీ ఊడి పడేది. రెండోది లారీలవాళ్ళది. పిరికిది. ఎక్కడికెళ్దామన్నా పెద్దరోడ్డే ఎక్కమంటుంది. మూడోది ఈ లాంతరు. ఇలాంటి ఇంటిబళ్ళవాళ్ళు ఒకరి కోసం ఒకరు రాసుకున్న హెచ్చరికలే దాని బలం. వాడేవాళ్ళు తగ్గిపోయి ఇవాళో రేపో మూతపడేలా ఉంది. అయినా ఓడెట్ మిగతా రెండూ తీసేసి దీన్నే ఉంచుకుంది. అందుకు కారణం అనతోల్ అనే మనిషి. ఈ చుట్టుపక్కల ప్రతి మలుపు దగ్గరా ఆయన రాసిన మాట ఒకటుంది. దాని కింద తేదీ చాలాచోట్ల కొత్తగానే ఉంటుంది.

"ఇదిగో, ఇందాకటి చీలిక దగ్గర ఏం రాశాడో వినండి. 'కుడివైపు వంతెన కప్పు ఎత్తు తక్కువ. ఎడమకి తిరగండి. దారి ఇరుకే కానీ మంచి జరుగుతుంది. అనతోల్.' మంచి అంటే మీరేనా?"

అతను నవ్వలేదు.

"తేదీ ఏముంది?"

"ఇవాళ పొద్దున్నే రాశాడు."

అతని ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. ఆమె వెనకున్న తెల్లటి మంచులోకి చూశాడు, ఎవరైనా నిలబడి ఉన్నారేమో అన్నట్టు. తర్వాత మారుమాట లేకుండా వ్యానెక్కి, వెనక్కి వెనక్కి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. లైట్లు మసకబారి మాయమయ్యాయి. అంత తేలిగ్గా గెలిచినందుకు ఓడెట్‌కి సంతోషం కలగాలి. కలగలేదు.

అక్కణ్ణుంచి ఆమెకి అనతోల్ మాటల మీద మోజు పుట్టింది. 'ఈ మలుపులో హారన్ కొట్టండి. ఇక్కడి దుప్పి పెద్దమనిషి, పిలిస్తేనే లేస్తాడు.' 'చీకటి పడ్డాక ఈ చెరువులోంచి ఎవరో ఏడ్చినట్టుంటుంది. అది లూన్ పక్షి. బదులు పలకకండి. నేను పలికాను, తెల్లారేదాకా వదల్లేదు.' చదువుకుని ఒక్కతే నవ్వుకునేది. మనిషిని చూడకుండానే కాస్త ఇష్టం కూడా కలిగింది.

'ఇక్కడ కాఫీ జోలికి పోకండి. బ్లూబెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పై ముక్క అడగండి' అన్న హోటల్లోకి వెళ్తే, మూల బల్ల దగ్గర గళ్ళచొక్కా కనిపించింది.

"నన్ను వెంబడిస్తున్నారా?" అంది ఓడెట్.

"నేను మీకంటే ముందొచ్చాను. ముందొచ్చినవాడు వెంబడించడం ఎలా కుదురుతుందో చెప్పండి."

"మీ పేరు?"

"జూల్స్. కాఫీ తాగకండి."

"తెలుసు. అనతోల్ చెప్పాడు."

ఆ పేరు వినగానే అతను సగం తిన్న ముక్క పళ్ళెంలోనే వదిలేసి లేచాడు. తలుపు తెరిచిన చప్పుడు వినపడలేదు. ఆమె వెనక్కి తిరిగేసరికి బయట మంచు తప్ప ఏమీ లేదు.

చెరువు గట్టున కూడా అలాగే జరిగింది. చెక్కబెంచి మీద పొగలు కక్కుతున్న కప్పు ఉంది కానీ మనిషి లేడు. ఫోనులో లూన్ పక్షి మాట కింద తేదీ ఆ పూటదే. అవతలి గట్టున గళ్ళచొక్కా ఒకటి చెట్లలోకి నడిచిపోయింది. భయపడాల్సినచోట ఆ మనిషి ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తే బాగుండునని ఎందుకనిపించిందో ఓడెట్‌కే తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం నది ఒడ్డున బళ్ళు నిలుపుకునే చోటు ఒకటి కనిపించి ఆగింది. పెద్ద మైదానం, ఖాళీగా ఉంది. దాన్ని నడిపే మ్యూరియల్ అనే పెద్దావిడ ఆమెని చూసి, చుట్టం వచ్చినంత సంబరపడింది.

"ఏ దారిన వచ్చావమ్మా? నది వంతెన మీదుగానా?"

"లేదండీ, అడవి చుట్టూ తిరిగొచ్చాను. వంతెన కొట్టుకుపోయిందని అనతోల్ రాశాడుగా."

మ్యూరియల్ చేతిలో తాళాలగుత్తి ఆగిపోయింది.

"కొత్త వంతెన వేసి రెండు నెలలైంది. లాంతరు మాత్రం దారి లేదంటుంది. పెద్దబళ్ళవాళ్ళు దాని మాట నమ్మి ఇటు రావడం మానేశారు. ఇలాగే ఉంటే వచ్చే ఏడు నేను గేటు తియ్యను." ఆవిడ గొంతు తగ్గించింది. "అనతోల్ ఇంకెక్కడున్నాడమ్మా? వరదలో వంతెన పోయిన రోజున, వెనకొచ్చే బళ్ళని ఆపడానికి గట్టు మీద నిలబడ్డాడు. గట్టు విరిగి అతనితో సహా నీళ్ళలో పడింది. ఇవాళ్టికి ఏడాది."

"నిన్న రాశాడండీ. మొన్న కూడా రాశాడు."

మ్యూరియల్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని గోడవైపు చూపించింది. ఫొటోలో ముసలాయన నవ్వుతున్నాడు. కళ్ళు జూల్స్ కళ్ళే. ఒంటి మీద ఆ గళ్ళచొక్కానే.

ఓడెట్ గబగబా బయటికి నడిచింది. నీళ్ళ కుళాయి దగ్గర అతనే వంగి డబ్బా నింపుకుంటున్నాడు. పారిపోదామనుకుంది. కాళ్ళు అటే నడిచాయి. దగ్గరికెళ్ళి అతని చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది.

"అబ్బా, ఏంటండీ ఇది?"

"నొప్పి పుట్టిందా?"

"గిల్లితే పుట్టదా?"

"హమ్మయ్య. బతికే ఉన్నారు." ఆమె అతని చెయ్యి వదిలింది. "ఇప్పుడు చెప్పండి. చచ్చిపోయిన మనిషి రోజూ ఎలా రాస్తున్నాడు?"

జూల్స్ కుళాయి కట్టేసి, డబ్బా మీద కూర్చున్నాడు.

"మీరు యాప్‌కి కొత్త కదా, అందుకే తెలీలేదు. అది రాసిన తేదీ కాదు. ప్రతి మాట కింద 'ఇంకా నిజమేనా?' అని ఉంటుంది. ఆ చోటికి వెళ్ళినవాళ్ళు అవునని నొక్కితే తేదీ కొత్తదవుతుంది. ఏడాదిపాటు ఎవరూ నొక్కకపోతే ఆ మాట చెరిగిపోతుంది. అనతోల్ మా తాత. ఈ చొక్కా ఆయనదే, చలేస్తే వేసుకుంటున్నా. ఆయన గొంతంటూ మిగిలింది ఆ మాటలే. ఒక్కోచోటికీ వెళ్ళి నొక్కుకుంటూ వస్తున్నా."

ఓడెట్‌కి ఏడుపొచ్చింది. దెయ్యమేమోనని భయపడ్డ మనిషి, తాత మీద ప్రేమ చంపుకోలేక అడవులు పట్టి తిరుగుతున్నాడు.

"ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే. వంతెన దగ్గరిది, ఆయన ఆఖరిమాట. చీకటి పడితే చెరిగిపోతుంది. ఇప్పుడు అక్కడికే వెళ్ళాలి. ఏడాదిగా ఆ నీళ్ళవైపు చూడలేకపోయా."

"వెళ్ళి అవునని నొక్కుతారా? అక్కడ వంతెన ఉందిగా. పాపం, ఆ మ్యూరియల్ గారు..."

"తెలుసండీ. ఆవిడ చేతి వంట తిని పెరిగాను. కానీ అది పోతే ఆయన పూర్తిగా పోయినట్టే."

ఓడెట్ బండి తలుపు తీసి, "ఎక్కు, నేను తీసుకెళ్తా," అంది. మీరు కాస్తా నువ్వు అయిన సంగతి ఇద్దరూ గమనించారు. ఎవరూ పైకి అనలేదు.

నది దగ్గరయ్యేకొద్దీ మంచు అద్దానికి తెల్లదుప్పటిలా అంటుకుంది. ఫోను తనంతట తాను పలికింది. 'వంతెన పోయింది. రాకండి. వెనక్కి వెళ్ళండి. అనతోల్.' ఓడెట్ నెమ్మదిగా పోనిచ్చింది. ఫోను మళ్ళీ అదే పలికింది. మూడోసారి ఆ మరగొంతులో బతిమాలుతున్నట్టు వినిపించింది. 'రాకండి. వెనక్కి వెళ్ళండి.' కింద కనపడని నీళ్ళు హోరెత్తుతున్నాయి. జూల్స్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

మంచు కాస్త చెదిరింది. ఎదురుగా తెల్లటి కొత్త వంతెన, ఆ ఒడ్డు దాకా గట్టిగా నిలబడి ఉంది.

బండి ఆగింది. ఫోను మీద ప్రశ్న వెలిగింది. ఇంకా నిజమేనా?

అతని వేలు 'అవును' మీదికి వెళ్ళింది.

"జూల్స్," అంది ఓడెట్. "ఆయన మాటలు నమ్మి నేనింత దూరం వచ్చాను. ఒక్కటీ తప్పు కాలేదు. ఆయన పేరు మీద మొదటి అబద్ధం నీ వేలితో రాయకు."

అతను వేలు పక్కకి జరిపాడు. 'కాదు' మీద నొక్కాడు. ఆ మాట తెరమీంచి పోయింది. ఫోను ఒక్క క్షణం ఊరుకుని, "నేరుగా ముందుకి వెళ్ళండి," అంది.

జూల్స్ స్టీరింగు పక్కన తల ఆనించి ఏడ్చాడు. ఓడెట్ అతని తడిజుట్టులో వేళ్ళు పెట్టి అలాగే కూర్చుంది. ఈ మనిషిని విడిచి ఏ దారినా వెళ్ళలేనని ఆమెకి అక్కడే తెలిసిపోయింది. చెప్పేసింది కూడా.

"నిన్ను ఇక్కడ దింపేసి పోవడం నా వల్ల కాదు."

"నాక్కూడా దిగాలని లేదు," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "నీకో సంగతి చెప్పాలి. భయపడకూడదు."

"దెయ్యమని తెలిసే చెయ్యి పట్టుకున్నదాన్ని. చెప్పు."

"ఆ రోజు నువ్వు ఎదురైనప్పుడు, నేను ఆ చీలిక దగ్గరికే వస్తున్నా. అక్కడి మాట నేనింకా నొక్కలేదు. కానీ అప్పటికే పొద్దున్న తేదీ పడి ఉంది."

"ఇంకెవరో దారినపోయేవాళ్ళు..."

"అయ్యుండొచ్చు."

వంతెన మీద బండి కదిలింది. ఇద్దరూ వెనక అద్దంలోకి చూడలేదు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. మ్యూరియల్ మైదానం బళ్ళతో నిండిపోయిందట. పెళ్ళి విందు మీకు నేనే పెడతానని కబురు చేసింది. ఇద్దరూ ఒకే బండిలో బయల్దేరారు. చీలిక దగ్గర మంచు అప్పటిలాగే ఉంది. తడిసిన రోడ్డు మీద తమ బండి జాడ తప్ప మరో జాడ లేదు. జూల్స్ దిగి ఫోను తీశాడు, తాత మాటకి ఏడాది నిండకముందే నొక్కుదామని. తెర చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది?" అని ఓడెట్ అతని భుజం మీదుగా చూసింది.

'ఎడమకి తిరగండి. దారి ఇరుకే కానీ మంచి జరుగుతుంది.' కింద తేదీ ఇవాళ్టిదే.

ఆమె అతని చేతిలో చెయ్యి వేసి, నెమ్మదిగా అంది.

"పద. తాత మనకంటే ముందే లేచాడు."