ఇచ్చేసి ఊరుకునే అణువు

“తడి పెయింటని బోర్డు పెట్టాను కదా మేడమ్. చదువుకున్నవాళ్ళేగా?”

ల్యాబ్ గేటు మీద చెయ్యి వేసి అరచెయ్యంతా ఎర్రగా చేసుకున్న అమ్మాయికి ఒళ్ళు మండింది. “బోర్డు మీ వీపు వెనక పెట్టుకుంటే ఎవరికి కనిపిస్తుంది?”

పెయింటర్ వెనక్కి చూసుకుని నాలిక కరుచుకున్నాడు. ప్రేమలో పడ్డానికి ఆ మాత్రం చాలదూ! గేటు ఆరిపోయింది గానీ వీళ్ళ కబుర్లు తెమల్లేదు. ‘మీరు’ పోయి ‘నువ్వు’లోకి దిగారు.

“అసలు ల్యాబ్‌లో ఏం చేస్తావు?” అనడిగాడోసారి.

“నువ్వు ఇనుముకి తుప్పు పట్టకుండా చూస్తావు, నేను ఒంట్లో కణాలకి. ఫ్రీ రాడికల్ అనే అణువుకి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. పక్కదాన్నుంచి లాక్కుంటుంది. అది ఇంకోదాన్నుంచి. అలా డీఎన్ఏ దాకా పోయి దాన్నీ పాడుచేస్తాయి. యాంటీఆక్సిడెంట్ మధ్యలోకొచ్చి తనదొకటి ఇచ్చేస్తుంది. గొడవ అక్కడితో సరి.”

“ఇచ్చేసి ఊరుకుంటుందా? అచ్చం మా అమ్మే.”

ఆ చలికాలం అతని గొంతులో గడ్డ బయటపడింది. క్యాన్సరన్నారు. రేడియేషన్ మొదలైంది. ఆమె ఊరుకోలేకపోయింది. ఎవర్నీ అడక్కుండా పెద్ద మోతాదు యాంటీఆక్సిడెంట్ మాత్రలు తెచ్చి అతని తల్లి చేతిలో పెట్టింది.

“పూటకు రెండు వెయ్యండి అత్తయ్యా.”

ఆ పిలుపుకే ఆవిడ మురిసిపోయి, ఒక్క పూటా తప్పకుండా వేసింది.

గడ్డ తగ్గలేదు. డాక్టరమ్మ మాత్రల సీసా చూసి మెల్లగా చెప్పింది. “రేడియేషన్ ఒంట్లో పుట్టించేది ఫ్రీ రాడికల్స్‌నే. గడ్డ డీఎన్ఏని తెంచేది కూడా అవే. ఈ మాత్రలు గడ్డకీ కాపలా కాయొచ్చు. ఆపేయండి.”

“వీటివల్లే తగ్గలేదా?” అని అమ్మాయి అడిగింది.

“చెప్పలేం.”

తప్పు నీదేనంటే ఏడ్చి తేలికపడేది. ఆ ‘చెప్పలేం’తో ఎలా బతకాలో తెలియక ఆస్పత్రికి రావడం మానేసింది. చివరికి అతని తల్లే ల్యాబ్‌కి వచ్చింది.

“రామ్మా. వాడు నీకోసం తలుపు వైపే చూస్తున్నాడు.”

“ఏ మొహం పెట్టుకుని రాను అత్తయ్యా?”

“తెచ్చింది నువ్వు. వేసింది నేను. నేను వాడి పక్కన కూర్చోవడం లేదూ?”

వెళ్ళింది. అతను బాగా చిక్కిపోయాడు. గొంతు బొంగురుపోయింది.

“ఈసారి ఏం తెచ్చావు?”

“ఏమీ తేలేదు.”

“బతికించావు,” అని నవ్వబోయి దగ్గాడు. “ఎన్నాళ్ళుంటానో వీళ్ళు చెప్పడం లేదు. ఉన్నన్నాళ్ళూ నా పక్కన ఉంటావా?”

ఆమె తన చేతుల వంక చూసుకుంది.

అతను అరచెయ్యి చాపాడు. “తడి పెయింటు కాదులే. వెయ్యి.”

వేసింది. వేసి, వెక్కి వెక్కి ఏడ్చింది.